టిక్కుమంటే అగ్గువ వాచీయేనా?

పోయిన చలికాలంలో ఒక పాత వాచీకి బెల్టు వేయించుకుందామని మల్కాజిగిరిలో మా సందు చివరి షాపుకు వెళ్లాను. ఫోన్ల రిపేరు, రీచార్జీ, వాచీల సెల్లు, బెల్టు, అన్నీ ఒకే అద్దాల బల్ల మీద జరిగిపోయే షాపు అది. అక్కడి పిల్లవాడు పాత బెల్టు ఊడదీస్తూ డయల్ వైపు ఓ చూపు చూసి, "సెల్ కూడా మార్చేద్దామా అన్నా? ఎనభై అవుతుంది" అన్నాడు.

"ఇది సెల్లు వాచీ కాదు తమ్ముడూ, కీ ఇచ్చేది."

"ముల్లు చూడన్నా, టిక్కు టిక్కుమని కొడుతున్నది. సెల్లుదే."

నేను కీ తిప్పి చూపించాను. కరకరమంది. ఒక్క క్షణం ఆలోచించి, "అయితే డూప్లికేటే" అని తేల్చేసి, బెల్టు బిగించి డబ్బులు తీసుకున్నాడు.

ఆ పిల్లవాడి మీద నాకు కోపం లేదు. అతను చెప్పింది వాచీల లోకంలో దాదాపు అందరూ నమ్మే సూత్రమే. సెకన్ల ముల్లు జారుకుంటూ పోతే లోపల మిషను ఉన్నట్టు, అది ఖరీదైన వాచీ అయినట్టు. ఆగి ఆగి గెంతుతుంటే లోపల సెల్లు ఉన్నట్టు, అగ్గువది అయినట్టు. కొన్ని వారాల తరువాత ఒక ఆదివారం సికింద్రాబాదులో ఇరానీ చాయ్ ముందు మేము ఏడెనిమిది మంది వాచీల పిచ్చోళ్లం కూర్చున్నప్పుడు అదే తీర్పు ఇంకాస్త నాజూకు మాటల్లో వినిపించింది. నా వాచీ చేతులు మారుతూ మా జూబ్లీహిల్స్ మిత్రుడి దాకా వెళ్లింది. ఆయన దగ్గర ఉన్న వాచీల్లో ఒక్కటి అమ్మితే నా ఇంటి అప్పు సగం తీరుతుంది. "లక్షలు పోసి కీ వాచీ కొనేదే ముల్లు సాఫీగా తిరుగుతుందని. అది కూడా టిక్కుమనేట్టయితే ఇంకెందుకండీ, ఐదు వందలకు ఫుట్‌పాత్ మీద దొరుకుతుంది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఉడుక్కున్నాను.

నా వాచీ గొప్పదేం కాదు. 1950ల నాటి స్విస్ వాచీ. డయల్ మీద పేరు సగం చెరిగిపోయింది. లోపల ఉన్నది షెజార్ అనే కంపెనీ చేసిన మిషను. అలా సెకనుకోసారి మాత్రమే ముల్లు గెంతే మిషన్లు చేయడం ఆ కంపెనీ ప్రత్యేకత. ఈ రకాన్ని ఇంగ్లీషులో డెడ్‌బీట్ సెకండ్స్ అంటారు, వాచీలవాళ్ల నోట్లో అది డెడ్ సెకండ్స్ అయిపోయింది. ఫ్రెంచివాళ్ల పేరుకైతే అర్థం అచ్చంగా "చచ్చిన సెకను". పేరులోనే ఉంది దరిద్రం, జనానికి నచ్చమంటే ఎలా నచ్చుతుంది!

అసలు కీ వాచీలో ముల్లు జారుతుందన్నదే అబద్ధం. లోపల బ్యాలెన్స్ వీల్ అటూ ఇటూ ఊగుతుంటుంది. ఊగిన ప్రతిసారీ పళ్ల చక్రం ఒక్క అడుగు కదిలి ఆగుతుంది. పాత వాచీల్లో గంటకు 18,000 దెబ్బలు, అంటే సెకనుకు 5. ఇప్పటి వాచీల్లో ఎక్కువ వాటికి గంటకు 28,800, అంటే సెకనుకు 8. ముల్లు ఆ దెబ్బ దెబ్బకీ గెంతుతూనే ఉంటుంది. గెంతు చిన్నది కాబట్టి మన కన్ను దాన్ని జారుడుగా సర్దుకుంటుంది. నిజంగా ఆగకుండా జారే ముల్లు కావాలంటే సీకో 1999లో తెచ్చిన స్ప్రింగ్ డ్రైవ్ చూడాలి. అందులో నడిపేది స్ప్రింగే గానీ అదుపులో పెట్టేది సెల్లు వాచీల్లో ఉండే క్వార్ట్జ్ రాయే. అంటే మేం చాయ్ దగ్గర పూజించే ఆ "సాఫీ నడక"ను సంపూర్ణంగా సాధించింది క్వార్ట్జ్ సాయంతోనే. ఈ మాట ఆ రోజు నాకు సమయానికి గుర్తు రాలేదు.

డెడ్ సెకండ్స్ వాచీ చేసే పని ఇంకొంచెం కష్టమైనది. సెకనుకు వచ్చే ఆ 5 దెబ్బల్నీ ముల్లు దాకా పోనివ్వకుండా మధ్యలో ఒక వెంట్రుకలాంటి స్ప్రింగు పట్టుకుంటుంది. చిల్లర కూడబెట్టి నోటు చేసినట్టు, అయిదో దెబ్బ పడగానే ఒక చిన్న కొక్కెం విడుతుంది, స్ప్రింగులో దాచుకున్నదంతా ఒక్కసారి ముల్లుకు అందుతుంది. ముల్లు సరిగ్గా ఒక గీత దూకి, వణక్కుండా నిలబడుతుంది. వాచీని చెవి దగ్గర పెట్టుకుంటే మాత్రం సెకనుకు అయిదు దెబ్బలూ వినిపిస్తూనే ఉంటాయి. కంటికి ఒకటి, చెవికి అయిదు. సుల్తాన్ బజార్ దగ్గర గల్లీలో నా వాచీలు చూసే పెద్దమనిషి ఉన్నాడు, నేను భాయ్ అని పిలుస్తాను. మొదటిసారి ఈ వాచీ ఇచ్చినప్పుడు ఆయన మూత కూడా తియ్యలేదు. చెవికి ఆనించుకుని, ముల్లును చూస్తూ ఒక నిమిషం అలాగే ఉండిపోయాడు. తరువాత నవ్వి, "చాలా ఏళ్లయింది ఇట్లాంటిది చూసి" అన్నాడు. ఆ షాపు పిల్లవాడికీ భాయ్‌కీ ఉన్న తేడా అంతా ఆ చెవిలోనే ఉంది.

సెల్లు వాచీ టిక్కుమనేది ఎందుకో కూడా చెప్పుకోవాలి. లోపలి క్వార్ట్జ్ రాయి సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను సగం, సగం అని 15 సార్లు విరిస్తే 1 వస్తుంది. ఆ ఒక్క సంకేతంతో చిన్న మోటారు ముల్లును ఒక గీత నెడుతుంది. ఎనిమిదిసార్లు నెట్టొచ్చు, పదహారుసార్లూ నెట్టొచ్చు, కానీ సెల్లు తొందరగా అయిపోతుంది. పొదుపు, అంతే. 2010లో బులోవా ప్రెసిషనిస్ట్ అని ఒక సెల్లు వాచీ వచ్చింది, దాని ముల్లు సెకనుకు 16 అడుగులు వేస్తుంది, మామూలు కీ వాచీల కన్నా సాఫీగా. అంత దూరం కూడా ఎందుకు, చప్పుడుకు నిద్ర పట్టడం లేదని మా పడగ్గదిలో పెట్టిన గోడ గడియారం ముల్లు కూడా నూనెలో జారినట్టు తిరుగుతుంది. దాని ఖరీదు 600 రూపాయలు. జారడమే దర్జా అయితే మా ఇంట్లో అన్నిటికన్నా దర్జాగల గడియారం అదే.

రోలెక్స్ విషయంలో ఈ సూత్రం ఇంకా నవ్వు తెప్పిస్తుంది. "ముల్లు టిక్కుమంటే డూప్లికేట్" అన్నది మన దగ్గర చదువుకున్నవాళ్లూ చదువుకోనివాళ్లూ ఒకేలా చెప్పే పరీక్ష. కానీ రోలెక్స్ కంపెనీయే 1950ల్లో ట్రూ బీట్ అనే వాచీ చేసింది. అందులో సెల్లు లేదు, మిషనే, ముల్లు మాత్రం సెకనుకోసారి గెంతుతుంది. తరువాత 1977లో ఆయిస్టర్ క్వార్ట్జ్ తెచ్చింది, అది సాక్షాత్తూ సెల్లు వాచీ. ఈ రెండూ అసలైన రోలెక్స్‌లే, రెండూ మన పరీక్షలో ఫెయిలే. ఇప్పటి దొంగ రోలెక్స్‌లు చేసేవాళ్లేమో చక్కగా ఆటోమేటిక్ మిషన్లే పెడుతున్నారు, అవి హాయిగా పాసైపోతాయి. ట్రూ బీట్‌కు ఇంకో అన్యాయం కూడా జరిగింది. సర్వీసింగుకు వచ్చిన వాటిలో చాలా వాచీలకు విడిభాగాలు దొరక్క ఆ గెంతే ఏర్పాటునే తీసేసి మామూలు వాచీలుగా మార్చేశారని వాచీలు సేకరించే కలెక్టర్లు చెప్పుకుంటారు. అందుకే ఈ రోజున నిజంగా టిక్కుమనే ట్రూ బీట్ దొరికితే ఎగబడతారు. అదే కలెక్టర్లు, మళ్లీ.

టిక్కు పరువు పోయింది ఎప్పుడు? నాకు తెలిసి అది మా కళ్ల ముందే జరిగింది. మా నాన్న చేతికి హెచ్‌ఎంటీ జనతా ఉండేది. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టిన ఆ ప్రభుత్వ సంస్థ దేశంలో సగం మంది అల్లుళ్ల మణికట్టు మీద కూర్చుంది. పొద్దున్నే స్నానం చేసి, దేవుడికి దండం పెట్టి, జనతాకు కీ ఇవ్వడం మా నాన్న నిత్యకర్మ. అది రోజుకు ఒకటి రెండు నిమిషాలు వెనకబడేది. రేడియోలో వార్తల ముందు బీప్ బీప్‌లు రాగానే సరిచేసుకునేవాడు. 1980ల్లో మా మామ దుబాయ్ నుంచి సెల్లు వాచీ పెట్టుకుని దిగాడు. మా వాడకట్టులో పిల్లలందరం ఆయన చెయ్యి పట్టుకుని ఆ ముల్లునే చూశాం. టక్, టక్, టక్. గీత మీద గీత. తడబాటు లేదు. కీ ఇవ్వక్కర్లేదు, నెలకు పది పదిహేను సెకన్లు కూడా తేడా రాదు. ఆ రోజు మా నాన్న తన జనతాను చొక్కా చెయ్యి కిందికి లాక్కోవడం నేను చూశాను. అప్పట్లో జారే ముల్లు పాతది, బీదది. టిక్కుమనేది దర్జా.

అదే టిక్కు ఇప్పుడు సిగ్గు. మధ్యలో మారింది టిక్కు కాదు, సెల్లు వాచీ ధర. 1969 డిసెంబరు 25న సీకో ఆస్ట్రాన్ పేరుతో మొట్టమొదటి క్వార్ట్జ్ చేతి వాచీ అమ్మకానికి పెట్టినప్పుడు దాని ధర 4,50,000 యెన్‌లు. ఆ ధరే నిలబడి ఉంటే ఈ రోజు మా జూబ్లీహిల్స్ మిత్రుడు టిక్కు గొప్పతనం గురించి మాకు క్లాసు పీకుతుండేవాడు, సందేహం లేదు. కూరలమ్మే ఆమె చేతికి కూడా అదే నడక వచ్చేసింది కాబట్టి పెద్దమనుషులకు అది పనికిరాకుండా పోయింది. మనం దీన్ని అభిరుచి అని పిలుచుకుంటున్నాం.

సెల్లు వాచీ పుట్టక ముందు రెండు వందల ఏళ్లకు పైగా ఆగి ఆగి నడిచే సెకనే ఖచ్చితత్వానికి గుర్తు. లండన్‌లో జార్జ్ గ్రాహం 1715 ప్రాంతంలో వాడుకలోకి తెచ్చిన డెడ్‌బీట్ ఏర్పాటుతోనే ఆ పేరు వచ్చింది. అంతకు ముందు లోలకం గడియారాల్లో ముల్లు ఒక అడుగు ముందుకేసి కాస్త వెనక్కి జంకేది. ఆ జంకు పోయింది కాబట్టి "డెడ్". చావు కాదు, స్థిమితం. దాదాపు ఒక మీటరు లోలకం, సెకనుకో దెబ్బ. వేధశాలల్లో దుర్భిణి ముందు కూర్చున్నవాళ్లు ఆ దెబ్బలు చెవితో లెక్కపెట్టుకుంటూ, నక్షత్రం గీత దాటే క్షణాన్ని కంటితో పట్టుకునేవాళ్లు. జారే ముల్లుతో ఆ పని కాదు, చెవికి లెక్క అందదు. చేతిలో పట్టే వాచీలో ఇదే నడకను 1776లో జెనీవాలో జాన్ మొయిస్ పూజే అనే ఆయన చేసి చూపించాడు. అందులో సెకన్ల ముల్లుకు వేరే చక్రాల వరుస, కావాలంటే దాన్ని మాత్రం ఆపుకోవచ్చు. నేటి స్టాప్‌వాచీల పూర్వీకుల్లో అదొకటి. బేగంపేటలో మన నిజామియా అబ్జర్వేటరీ పాత భవనం ఇంకా ఉంది. ఆకాశాన్ని దేశాలు పంచుకుని పటం గీసిన రోజుల్లో దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ హైదరాబాదు వంతుకు వచ్చింది. అటు వెళ్లినప్పుడల్లా, ఈ ఊరు ఒకప్పుడు సెకన్లను ఎంత శ్రద్ధగా చూసుకుందో కదా అనిపిస్తుంది. ఇప్పుడు అదే రోడ్డు మీద సిగ్నల్ పడితే 120 నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటాం.

మన పంచాంగానికి సెకను తెలియదనుకోండి. గడియ అంటే 24 నిమిషాలు, విఘడియ అంటే 24 సెకన్లు. గడియారం అన్న మాటే ఆ గడియ నుంచి వచ్చింది. సెకను మనకు తరువాత వచ్చిన చుట్టం. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆ చుట్టానికి ఏకంగా ఒక మనిషినే కేటాయించారు. కలకత్తా కుక్ అండ్ కెల్వీ వాళ్ల నుంచి వచ్చిన ఆ సంగీత గడియారం ముందు గంట గంటకూ జనం పోగవుతారు. తలుపు తెరుచుకుని గడ్డపాయన బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోయేదాకా ఫోన్లు పైకెత్తి పట్టుకుని ఉంటారు. అదే గడియారంలో ఇంకో బొమ్మ ఉంది, సుత్తి పట్టుకున్న కమ్మరి. సెకన్లకు దెబ్బ వేస్తూనే ఉంటాడు. చిన్నప్పుడు నాకు ఆ గంటాయన కన్నా కమ్మరే నచ్చేవాడు. ఈ పిచ్చి అక్కడే అంటుకుని ఉంటుంది.

సరే, ఎదుటివాళ్ల వాదన కూడా వినాలి, అందులో పస లేకపోలేదు. మా గుంపులో ఒక డెంటిస్టు ఉన్నాడు. ఆయన వెక్కిరించలేదు. "టైము ఫోన్లో చూసుకుంటాను. వాచీ చూసేది, లోపల ఏదో బతికి ఉందని తెలియడానికి. ముల్లు పారుతుంటే ఆ ప్రాణం కనిపిస్తుంది. నీ వాచీలో ప్రాణం ఉన్నా దాక్కుంది" అన్నాడు. దీనికి నా దగ్గర జవాబు లేదు, నిజమే కాబట్టి. ఇంకొకాయన సాంకేతికంగా పట్టుకున్నాడు. ఒక స్ప్రింగు, ఒక కొక్కెం, అదనంగా ఒకటో రెండో చక్రాలు, వాటన్నిటినీ మోయడానికి బలం కీ ఇచ్చినప్పుడు బిగుసుకునే ఆ మెయిన్ స్ప్రింగు నుంచే రావాలి. పాడయ్యే వస్తువులు పెరిగాయి, టైము మాత్రం వీసమెత్తు మెరుగుపడలేదు. ఇదీ నిజమే. నా షెజార్ మిషను విషయంలో పూర్తిగా నిజం. డాక్టర్లకు నాడి చూడటానికి పనికొస్తుందని ఈ వాచీల గురించి ఒక కథ చెబుతారు. మా పెద్దమ్మ ముప్పై ఏళ్లు నర్సుగా చేసింది. ఆమెకు నా వాచీ చూపించి ఇది చెబితే, "ముల్లు ఎట్ల పోతే ఏందిరా, పదిహేను గీతలయ్యేదాకా నాడి లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తం" అంది. ఆ కథకు అంతటితో నీళ్లు వదిలేశాను.

అయితే అన్ని డెడ్ సెకండ్స్ వాచీలనూ ఒకే గాట కట్టడం కుదరదు, ఇక్కడే మా వాళ్లతో నాకు అసలు పేచీ. ఎఫ్.పి. జూర్న్ అనే వాచీల తయారీదారు 2003లో తన వాచీ టూర్‌బియాన్ సువరేన్‌కు సెకనుకోసారి గెంతే ముల్లు పెట్టాడు. అక్కడ గెంతు అలంకారం కాదు. మెయిన్ స్ప్రింగు నిండుగా ఉన్నప్పుడు గట్టిగా, దిగిపోతున్నప్పుడు నీరసంగా నెడుతుంది కదా. ఆ తేడా బ్యాలెన్స్ వీల్ దాకా పోకుండా మధ్యలో ఇంకో చిన్న స్ప్రింగు పెట్టి, దాన్ని ప్రతి సెకనుకూ మళ్లీ బిగిస్తాడు. రెమొంత్వార్ అంటారు దాన్ని. పెద్ద ట్యాంకు నుంచి సరాసరి కుళాయికి కాకుండా మధ్యలో చిన్న తొట్టి పెట్టి, దాన్ని ఎప్పుడూ ఒకే మట్టానికి నింపుతూ ఉన్నట్టు. ముల్లు గెంతిందంటే తొట్టి నిండిందని అర్థం. జర్మనీలో లాంగె వాళ్లు 2016లో తెచ్చిన రిచర్డ్ లాంగె జంపింగ్ సెకండ్స్ కూడా ఇదే దారి. టిక్కు టిక్కుకూ ఒక పని జరుగుతోంది. ఇది చూసి "సెల్లు వాచీలా ఉంది" అనేవాడికి నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

యేగర్ లెకూల్ట్ర్ 2015లో తెచ్చిన జియోఫిజిక్ ట్రూ సెకండ్ వేరే సంగతి. అందమైన వాచీ, తీర్చిదిద్దిన మిషను, కానీ గెంతు గెంతు కోసమే. కొన్నేళ్లకే కంపెనీ దాన్ని ఆపేసింది. సామాన్యుడు చూస్తే సెల్లు వాచీ అనుకుంటాడు, తెలిసినవాడు చూస్తే దీనికి రెమొంత్వార్ లేదంటాడు, ఇక కొనేది ఎవరు? నెదర్లాండ్స్‌లో గ్రోనెఫెల్డ్ అన్నదమ్ములు 2010లో వన్ హెర్ట్జ్‌తో ఈ చిక్కును వేరే రకంగా విప్పారు. సెకన్ల ముల్లుకు స్ప్రింగు డ్రమ్ముతో సహా వేరే చక్రాల వరుస ఇచ్చేశారు, జెనీవాలో ఆ మొయిస్ పూజే అనే ఆయన చేసినట్టే. టైము నడిపే వరుస మీద ఆ బరువు పడదు. మా సాంకేతికాయన అభ్యంతరానికి అది జవాబు, ధర మాత్రం అడక్కండి.

ఇంకో జాతి కలెక్టర్లు ఉన్నారు, వాళ్లంటే నాకు జూబ్లీహిల్స్ మిత్రుడి కన్నా చిరాకు. డెడ్ సెకండ్స్ వాళ్లకు ఇష్టమే. ఎందుకు ఇష్టమంటే, "చూసేవాడికి సెల్లు వాచీ అనిపిస్తుంది, తెలిసినవాడికే తెలుస్తుంది" అంటారు. ఆ మాట చెబుతూ కళ్లల్లో ఒక మెరుపు. ఇది కూడా ఆ పాత జబ్బే, చొక్కా తిరగేసి తొడుక్కున్నట్టు. బీదవాడి వస్తువులా కనిపిస్తూ లోపల కోట్లు దాచుకోవడంలో వాళ్లకు దొరికే ఆనందం వాచీ గురించి కానే కాదు. నేను కూడా ఆ షాపు పిల్లవాడి ముందు కీ తిప్పి చూపించినప్పుడు నా కళ్లల్లో ఆ మెరుపు లేదని ప్రమాణం చేయలేను.

ఈ మార్చిలో నా వాచీ సెకన్ల ముల్లు ఆగిపోయింది. గంటలూ నిమిషాలూ సరిగ్గానే నడుస్తున్నాయి, చెవికి అయిదు దెబ్బలూ వినిపిస్తున్నాయి, ముల్లు మాత్రం 37 దగ్గర నిలబడిపోయింది. భాయ్ మూత తీసి కంటికి భూతద్దం బిగించుకుని చూశాడు. వెంట్రుక స్ప్రింగు విరిగిందట. అలాంటిది ఎక్కడా దొరకదని చెప్పి, ఒక ఉపాయం కూడా చెప్పాడు. ఆ రెండు చక్రాలనూ కలిపి బిగించేస్తే ముల్లు మామూలుగా తిరుగుతుంది, అందరి వాచీల్లాగే సాఫీగా. అరగంట పని, 300 రూపాయలు.

వద్దన్నాను. ఆయన నా మొహం వైపు ఒకసారి చూసి, మూత బిగించి వాచీ చేతిలో పెట్టాడు. బొంబాయిలో పాత మిషన్లు దాచుకునే దోస్తు ఒకాయన ఉన్నాడట, అడిగి చూస్తానన్నాడు. నాలుగు నెలలైంది. వాచీ రోజూ పెట్టుకుంటున్నాను, పొద్దున్నే కీ ఇస్తున్నాను. పోయిన ఆదివారం చాయ్ దగ్గర మా డెంటిస్టు చూసి, "ఏంటి, సెల్ అయిపోయిందా?" అన్నాడు.